పెరటి మామిడికి కత్తిరింపు: ఎప్పుడు, ఎక్కడ, ఎంత? (విశాఖ ఇళ్ల కోసం)

విశాఖలో పెరటి మామిడి మీద కత్తి పడేది ఎక్కువగా రెండు సందర్భాల్లో. ఒకటి, అక్టోబరులో తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు. రెండోది, సంక్రాంతికి బూజులు దులిపి, సున్నాలు వేయించి, పనిలో పనిగా దొడ్డి కూడా బాగుచేయించేటప్పుడు. కొట్టిన కొమ్మలు భోగి మంటకైనా పనికొస్తాయి కదా అనుకుంటారు. కానీ ఆ రెండు సమయాల్లో కొట్టేస్తున్నది రాబోయే వేసవి కాయల్నే.

మామిడి పూత కొమ్మ కొసనే వస్తుంది, అదీ ముదిరిన కొమ్మ కొసన. వానాకాలంలో వేసిన చిగురు ముదరాలి, రాగిరంగు ఆకు ముదురాకుపచ్చకు తిరగాలి, ఆ తర్వాత కొమ్మ కొన్నాళ్లు ఎదుగుదల ఆపి ఊరుకోవాలి. అప్పుడే కొసన ఉన్న మొగ్గ డిసెంబరు, జనవరి చలికి పూతగా విచ్చుకుంటుంది. అక్టోబరులో కొస కోసేస్తే చెట్టు మళ్లీ చిగురు వేస్తుంది. పూత వేళకి ఆ చిగురు ఇంకా లేతగానే ఉంటుంది. చెట్టు చూడ్డానికి నిగనిగలాడుతుంది, పూత మాత్రం ఉండదు. డిసెంబరులో కోస్తే పూమొగ్గనే కోసినట్టు.

అందుకని కత్తిరింపు కాయల కోత అయిన వెంటనే జరగాలి. సువర్ణరేఖ త్వరగా అయిపోతుంది కాబట్టి జూన్ మొదట్లోనే పని పెట్టుకోవచ్చు. బంగినపల్లికి జూన్ నెల సరిపోతుంది. నీలం లాంటి ఆలస్యపు రకాలైతే జూలై దాకా ఆగాల్సిందే. ఏ రకమైనా జూలై ఆఖరు గడువనుకోండి. ఆగస్టు పదిహేను దాటిందంటే ఆ ఏడాదికి కత్తిరింపు మానేసి ఎండు కొమ్మలు మాత్రం తీయండి.

జూన్ అంటే మనకి వానలు మొదలయ్యే నెల. తడి మీద కోసిన గాయంలోకి శిలీంధ్రాలు సులువుగా దిగుతాయి. రెండు మూడు రోజులు వాన తెరిపి ఇచ్చినప్పుడు, పొద్దున్న ఆకుల మీద తడి ఆరాక మొదలుపెట్టండి.

మరి తుపాన్ల సంగతి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ నగరంలో పెద్ద పెద్ద చెట్లు ఎలా కూలాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. గాలిని తట్టుకోవడం మనసులో పెట్టుకునే కత్తిరించాలి, అయితే ఆ పని జూన్, జూలైల్లో చెయ్యాలి. గుబురు పలచబడితే గాలి చెట్టులోంచి దూరిపోతుంది, తలబరువు తగ్గుతుంది. ఇక అక్టోబరు హెచ్చరిక వచ్చాక చెయ్యదగ్గది ఒక్కటే: ఎండినవి, చీలినవి, కప్పు మీదకి వాలినవి తీసెయ్యడం.

పనిముట్లు, జాగ్రత్తలు

బొటనవేలి లావు వరకు సికేచర్ (ఒంటిచేత్తో పట్టే కత్తెర) చాలు. అక్కణ్ణుంచి అంగుళమున్నర దాకా లాపర్, అంటే పొడుగు పిడుల కత్తెర. ఆపైన కొమ్మల రంపం. కొడవలి, గొడ్డలి వద్దు. అవి కొమ్మని కోయవు, చీలుస్తాయి, చీలిక కాండంలోకి దిగితే మానదు. ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదకి వెళ్లేముందు, తెగులు పట్టిన కొమ్మ కోసిన ప్రతిసారీ, అంచుని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి.

మామిడి సొన చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు ఉండాలి. చేతులకి ముందే కొబ్బరినూనె రాసుకుంటే సొన అంటుకోదు, పని అయ్యాక సబ్బుతో కడిగేస్తే పోతుంది. ఎక్కేముందు ఆకులు కుట్టి కట్టిన ఎర్రచీమల గూళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. నిచ్చెన మీద ఉండగా అవి మీద పడితే చేతులు వదిలేస్తారు. కరెంటు తీగలకి దగ్గరున్న కొమ్మ జోలికి మీరు వెళ్లొద్దు. విద్యుత్ శాఖ వాళ్లకి చెప్పి, సరఫరా ఆపించాకే కోయించాలి. తడి కొమ్మ, అల్యూమినియం నిచ్చెన రెండూ కరెంటుని పట్టుకొస్తాయి.

కాపుకొచ్చిన చెట్టు: ఏటా చేసే పని

ముందు రంపం పక్కన పెట్టి చెట్టు చుట్టూ తిరగండి. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోందా, నీడ చిక్కగా ఉందా? చిక్కగా ఉంటే లోపలి కొమ్మలకి వెలుతురు అందడం లేదు. అవి కాయవు, పైగా పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకి దాక్కునే చోటవుతాయి.

మొదట ఎండినవి, తెగులువి తీయండి. ఎండు కొమ్మని ఎండిన చోటే కోస్తే లాభం లేదు. తెగులు అప్పటికే పచ్చిభాగంలోకి కొంత దిగి ఉంటుంది. కనీసం నాలుగంగుళాలు పచ్చిలోకి వెళ్లి కోయండి. కోసిన ముఖం తెల్లగా, శుభ్రంగా కనిపించాలి. మధ్యలో గోధుమరంగు మచ్చో చారో ఉంటే ఇంకాస్త కిందకి.

తర్వాత బదనిక. పాత చెట్ల మీద ఆకు రంగూ తీరూ వేరుగా గుత్తులుగా కనిపించే ఈ పరాన్నజీవి మొక్కని చాలామంది మామిడి కొమ్మే అనుకుని వదిలేస్తారు. దాన్ని పీకితే పైమొక్క ఊడుతుంది గానీ, కొమ్మలో దిగిన వేరు మళ్లీ మొలుస్తుంది. అతుక్కున్న చోటుకి అడుగు కిందికి కొమ్మనే కోసెయ్యాలి. పండ్లు రాకముందే తీసేస్తే పిట్టలు గింజల్ని మరో కొమ్మకి మొయ్యకుండా ఉంటాయి.

ఆ తర్వాత ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది, నిట్టనిలువుగా లేచినవి, చెట్టు మధ్యలోకి తిరిగినవి, నేలకి మూడడుగుల లోపు వాలినవి. నడిమధ్యన పైకి పోతున్న ఒకటో రెండో కొమ్మల్ని మొదలంటా తీసేస్తే వెలుతురు లోపలి దాకా దిగుతుంది. పది కొసలు కత్తిరించే కంటే ఇలా ఒక్క కొమ్మ సరైన చోట తీయడం మేలు. ఈ తేడా ఒంటబట్టితే సగం విద్య వచ్చినట్టే. పైపైన కొసలన్నీ సమంగా క్రాఫు కొట్టినట్టు కోస్తే, ప్రతి కోత దగ్గరా నాలుగైదు చిగుళ్లు లేచి, ఏడాది తిరిగేసరికి గుబురు ముందుకంటే చిక్కనవుతుంది.

ఆఖరున కాయలు కాసిన కొసలు. పూత కాడల ఎండు పుల్లలు ఇంకా వేలాడుతుంటాయి. వాటితో పాటు కొమ్మ కొసని నాలుగు నుంచి ఆరంగుళాలు కత్తిరించాలి. అక్కడ మూడు వారాలకి అటూ ఇటూగా కొత్త చిగురు వస్తుంది. వచ్చే ఏడు కాయాల్సింది అదే.

ఎంత తీయాలి? ఒక్క ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకి మించొద్దు. మించితే చెట్టు పూత సంగతి వదిలేసి, పోయిన ఆకుని తిరిగి తెచ్చుకునే పనిలో పడుతుంది. పెరటి చెట్టు పది, పన్నెండడుగులు దాటకుండా చూసుకుంటే చాలు. ఆ ఎత్తులో మందు కొట్టొచ్చు, చిక్కంతో కాయ కోసుకోవచ్చు, గాలికీ నిలుస్తుంది.

కోత ఎక్కడ పెట్టాలి

లేత కొమ్మని దగ్గరగా చూడండి. ఒక చిగురు ఆగి, మరో చిగురు మొదలైన చోట ఆకులన్నీ ఒక గుంపుగా ఉంటాయి. ఆకులు రాలిపోయినా కణుపులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంగరంలా కనిపిస్తాయి. ఆ ఉంగరానికి పైన కోస్తే ఒక్క చోటు నుంచే ఐదారు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చిగుళ్లు పొడుచుకొస్తాయి. అన్నీ ఒకే చోట పుట్టినవి కాబట్టి పట్టు తక్కువ, కాయ బరువుకో గాలికో చీలిపోతాయి. ఉంగరానికి కాస్త కింద కోస్తే చిగుళ్లు తక్కువగా, ఎడంఎడంగా వస్తాయి. పైన కోయక తప్పకపోతే, చిగుళ్లు జానెడు పొడుగు కాగానే వేర్వేరు దిక్కులకి పోయే రెండు మూడింటిని ఉంచి మిగతావి గిల్లెయ్యండి.

చెయ్యి లావున్న కొమ్మని ఒకే కోతతో తీయకూడదు. సగం తెగేసరికి కొమ్మ తన బరువుకి తానే వంగి, కాండం బెరడుని కింది దాకా చీల్చుకుంటూ పోతుంది. మూడు కోతల్లో తీయాలి. మొదటిది, కాండానికి అడుగు దూరంలో కొమ్మ అడుగువైపు నుంచి మూడో వంతు లోతు. రెండోది, దానికి రెండంగుళాలు బయటగా పైనుంచి. కొమ్మ చీలకుండా తెగి పడిపోతుంది. మూడోది మిగిలిన మోడుకి. కొమ్మ మొదట్లో కాండాన్ని కలిసే చోట కొంచెం ఉబ్బుగా, ముడతలుగా ఉంటుంది. గాయాన్ని మాన్పుకునే కణజాలం ఆ ఉబ్బులోనే ఉంటుంది. దాన్ని వదిలి, సరిగ్గా దాని బయటి అంచున కోయాలి. నున్నగా ఉండాలని కాండానికి ఆనించి కోస్తే గాయం పెద్దదై పుచ్చుతుంది. బారెడు మోడు వదిలితే అది ఎండి, ఆ ఎండు లోపలికి పాకుతుంది. కొమ్మ బరువైనదైతే ముందే మోకు కట్టి, కింద ఒక మనిషిని పెట్టి నెమ్మదిగా దించండి.

బొటనవేలి కంటే లావైన ప్రతి గాయానికీ ఆ రోజే బోర్డో పేస్టు పూయాలి. వంద గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పొడి చేసి ప్లాస్టిక్ మగ్గులో అరలీటరు నీళ్లలో కరిగించండి. వంద గ్రాముల పొడిసున్నాన్ని వేరే అరలీటరు నీళ్లలో కలపండి. మైలుతుత్తం నీళ్లని సున్నం నీళ్లలోకి కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో కలియబెట్టండి. ఇనుప, రాగి, ఇత్తడి పాత్రలు వాడొద్దు. మెరిసే ఇనుప చాకుని ఒక నిమిషం ముంచి తీసి చూడండి. దాని మీద ఎర్రటి రాగి పొర కనిపిస్తే ఇంకాస్త సున్నం కలపాలి, లేకపోతే బెరడు మాడుతుంది. ఏ రోజుది ఆ రోజే వాడెయ్యండి, నిలవ ఉంటే పనిచేయదు. ఇదంతా కుదరకపోతే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందు పొడిని కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి పూసినా సరిపోతుంది. పేడ, బురద, రంగు పెయింటు వద్దు.

చిన్న మొక్క ఉంటే

మీరు నిజంగా అదృష్టవంతులు, మొదటి మూడేళ్లలో చేసే పని తర్వాత ముప్పై ఏళ్ల రంపం పనిని తప్పిస్తుంది. అంటుకట్టిన చోటికి కింద నుంచి వచ్చే చిగుళ్లని ఎప్పటికప్పుడు గిల్లెయ్యండి. అవి నాటుమొక్కవి, వదిలేస్తే అంటుని మింగేస్తాయి. మొక్క నిలదొక్కుకున్నాక నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో తల తుంచండి. వచ్చే చిగుళ్లలో వేర్వేరు దిక్కులకి, ఒకదానికొకటి కొంచెం ఎత్తు తేడాలో ఉన్న మూడు నాలుగు ఉంచండి. అవి అడుగున్నర పెరిగి ముదిరాక వాటి కొసలూ తుంచండి. మొదటి మూడేళ్లు పూత వస్తే తీసెయ్యాలి. మనసొప్పదు, నిజమే. కానీ పెన్సిలు లావు కొమ్మ మీద కాయ నిలిపితే మొక్క అక్కడే ఆగిపోతుంది.

ఇంకా నాటకపోతే చిన్న పెరటికి ఆమ్రపాలి మంచిది. దసేరి, నీలం కలిపి తీసిన ఈ రకం పొట్టిగా ఉంటుంది, ఏటా కాస్తుంది. బంగినపల్లే కావాలంటే గోడకీ సెప్టిక్ ట్యాంకుకీ కనీసం పదడుగులు ఎడం ఇవ్వండి.

ముప్పై అడుగుల పాత చెట్టు

పాత పెంకుటిళ్ల దొడ్లలో, వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు పాత బంగళాల్లో ఇలాంటివి కనిపిస్తాయి. కాయలన్నీ పైనే, కోతులకీ గబ్బిలాలకీ తప్ప ఎవరికీ అందవు. ఒక్కసారిగా తల నరికించొద్దు. మూడేళ్ల పని అనుకోండి. మొదటి ఏడు నడిమధ్యన బాగా ఎత్తు పోయిన పెద్ద కొమ్మల్లో మూడో వంతు, నేల నుంచి పదడుగుల దగ్గర, పక్కకి పోయే కొమ్మ ఒకటి మిగిలేలా కోయండి. మిగతావి తర్వాతి రెండేళ్లలో. ఇలా చేస్తే ప్రతి ఏడూ ఎంతో కొంత కాపు ఉంటుంది. అన్నీ ఒకేసారి కొడితే రెండు మూడేళ్లు కాపు ఉండదు.

ఇన్నాళ్లూ నీడలో ఉన్న కాండం మీద ఒక్కసారిగా ఎండ పడితే బెరడు పగులుతుంది. ఎండ తగిలే భాగానికి సున్నం పూయండి. మోడు చుట్టూ చిగుళ్లు గుత్తులుగా వస్తాయి. బయటివైపు చూసే నాలుగైదు ఉంచి మిగతావి రెండు మూడు విడతల్లో తీయండి. ఇవి బెరడు పైపొర నుంచే పుట్టినవి, మొదట్లో పట్టు తక్కువ. రెండడుగులు దాటినవాటి కొసలు సెప్టెంబరు లోపే గిల్లితే తుపాను గాలికి ఊడిపోకుండా నిలుస్తాయి.

బాగా కొట్టిన చెట్టుకి కాండం తొలిచే పురుగు పడుతుంది. కాండం మొదట్లో రంపపు పొట్టు లాంటిది రాలుతుంటే పైన రంధ్రం వెతకండి. సన్నటి ఇనుప తీగ దూర్చి పురుగుని గుచ్చి లాగి, పెట్రోలు తడిపిన దూది పెట్టి మట్టితో మూసెయ్యండి.

ఎరువు, నీళ్లు

కత్తిరింపు అయ్యాక వానకి నేల తడిసి ఉండగానే ఎరువు వెయ్యాలి. సాధారణ సిఫార్సు ఏమిటంటే, మొక్క వయసు ఏడాదికి వంద గ్రాముల చొప్పున నత్రజని, భాస్వరం, పొటాష్ పెంచుకుంటూ పోయి పదో ఏట కిలో దగ్గర ఆపడం. ఐదేళ్ల చెట్టుకి లెక్కగడితే యూరియా 1.1 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 3 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 800 గ్రాములు. ఇది తోటల లెక్క. పెరట్లో పొట్టిగా ఉంచే చెట్టుకి ఇందులో సగం, దానితో రెండు మూడు తట్టల మాగిన పశువుల ఎరువు చాలు. మూడింట రెండు వంతులు ఇప్పుడు, మిగతాది కాయ గోలీ అంత అయ్యాక. కాండం మొదట్లో కుమ్మరించొద్దు, పీల్చుకునే వేళ్లు అక్కడ ఉండవు. కొమ్మల అంచు నీడ పడే చోట జానెడు వెడల్పున చుట్టూ గాడి తీసి, వేసి, మట్టి కప్పండి.

లాసన్స్ బే, సాగర్ నగర్, రుషికొండ లాంటి చోట్ల ఒక తేడా ఉంది. ఉప్పుగాలికి సముద్రం వైపు ఆకులు కొస నుంచి అంచుల వెంబడి మాడతాయి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది, అది ఈ మాడుని ఇంకా పెంచుతుంది. అక్కడ సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే ఆకుల మీద కొట్టొద్దు. ఎండాకాలం వారానికోసారి మంచినీళ్లతో ఆకులు కడిగితే తేరుకుంటాయి.

నీళ్ల దగ్గర పెరటి చెట్లకి జరిగే అన్యాయం ఒకటుంది. మామిడికి పూతకి ముందు ఎండు కావాలి. వానలు వెనకపట్టాక, నవంబరు నుంచి పిందె కట్టేదాకా పెద్ద చెట్టుకి నీళ్లు ఆపాలి. మనం పెట్టకపోయినా పక్కన మల్లెపాదుకి రోజూ పెట్టే నీళ్లు, వంటింటి గొట్టం, ఏసీ నీళ్లు దాని వేళ్లకి అందుతూనే ఉంటాయి. "ఎరువు వేశాం, నీళ్లకి లోటు లేదు, అయినా పూయడం లేదు" అనే చెట్ల దగ్గర ముందు చూడాల్సింది ఇదే. ఆ గొట్టాన్ని అరటి వైపు తిప్పండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక పది, పదిహేను రోజులకోసారి పాదు నిండా పెట్టి, కోతకి రెండు వారాల ముందు ఆపండి.

పురుగులు, తెగుళ్లు

గుబురు విప్పిన చెట్టుకి వీటి బెడద ఎలాగూ తగ్గుతుంది. ఆగస్టు నుంచి ఆకుల్ని దారాలతో గూడు కట్టే పురుగు వస్తే, గూళ్లని కర్రతో లాగి తగలబెట్టండి. డిసెంబరులో కాండానికి అడుగు వెడల్పు పాలిథిన్ పట్టీ చుట్టి, పైన గ్రీజు పూస్తే పిండినల్లి పిల్లలు పైకి ఎక్కలేవు. పట్టీ కింది అంచుని మట్టితో మెత్తాలి, లేకపోతే కిందినుంచి దూరతాయి.

పూత కాడలు బయటికి వస్తూ, పూలు ఇంకా విచ్చని సమయంలో కొమ్మ కదిపి చూడండి. చిటపటలాడుతూ చిన్న పురుగులు ఎగిరితే అది తేనెమంచు. తక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి కొట్టండి. ఎక్కువగా ఉంటే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు లీటరుకి 0.3 మి.లీ. పూత మీద తెల్లటి బూడిద కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, చల్లటి పూట. పూలు పూర్తిగా విచ్చుకున్నాక ఏ పురుగుమందూ కొట్టొద్దు. పూతని పిందెగా మార్చేవి ఈగలూ తేనెటీగలే.

కాయ కోడిగుడ్డంత అయ్యాక కాగితపు సంచి తొడిగితే పండు ఈగ నుంచి కాపాడుకోవచ్చు. పెరట్లో యాభై, వంద కాయలకి ఇది పెద్ద పనేం కాదు. రాలిన పుచ్చు కాయల్ని ఏ రోజువి ఆ రోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. కుప్పలో వేస్తే ఈగ అక్కడే పెరిగి మళ్లీ పైకొస్తుంది.

తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి పైకి లేచాయంటే కాయ ముదిరినట్టు. పొద్దున్నే, అంగుళం కాడతో కోయండి. ఆ కాడని తర్వాత పొట్టిగా తుంచి, కాయని తలకిందులుగా ఓ గంట ఉంచితే సొన తొక్క మీద పారకుండా కారిపోతుంది. ఎండుగడ్డి పరిచి, ఒక్క వరసగా పేర్చి, పైన గోనెసంచి కప్పితే ఐదారు రోజుల్లో పండుతాయి.